ముక్క చెడితే మొదటికే మోసం!

బయాప్సీ కోసం తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకు పంపిస్తారు. ఘాటైన ఈ రసాయనానికి బదులు బెల్లం పాకం, తేనె వంటివి వాడొచ్చా? పరిశోధనలు ఏమంటున్నాయి? మండే ఎండల్లో ముక్క ల్యాబుకు చేరేలోపు ఇంట్లోవాళ్లు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మే నెల. మిట్టమధ్యాహ్నం. అనంతపురం బస్టాండులో బెంగళూరు బస్సు కోసం ఎదురుచూసేవాళ్లలో చేతిసంచీని ఒళ్లో పెట్టుకుని, మాటిమాటికీ తడిమి చూసుకునేవాళ్లు అప్పుడప్పుడూ కనిపిస్తుంటారు. సంచీలో స్కానింగ్ ఫిల్ములు, పాత చీటీలు, ఒక చిన్న ప్లాస్టిక్ సీసా. సీసాలో నీళ్లలాంటి ద్రవం. అందులో చిక్కుడు గింజంత ముక్క. అమ్మ రొమ్ములోని గడ్డ నుంచో, నాన్న నాలుక మీది పుండు నుంచో తీసింది. అది క్యాన్సరా, కాదా? అయితే ఏ రకం? ఏ మందుకు లొంగుతుంది? ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న జవాబులన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి.

‘‘ఇవి ఉత్త నీళ్లేనా సార్?’’ అని అడిగితే ‘‘నీళ్లు కాదన్నా, ఫార్మలిన్. మూత మాత్రం తియ్యాకు’’ అని చెప్పి పంపిస్తారు. ఎందుకు తియ్యకూడదో, ఆ ద్రవం తక్కువైతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. మరోవైపు- ఫార్మలిన్ విషమనీ, క్యాన్సర్ కారకమనీ వింటూనే ఉన్నాం. చేపలు చెడిపోకుండా దీన్ని కలుపుతున్నారన్న వివాదం 2018లో మన రాష్ట్రం చేపల చుట్టూనే నడిచింది. అలాంటప్పుడు బెల్లం పాకంలోనో, తేనెలోనో ముక్కను భద్రపరచొచ్చన్న మాట చెవిన పడితే ‘అదేదో మేలు కదా’ అనిపించటం సహజం. ఇందులో నిజం కొంత ఉంది. కానీ ఆ కొంత నిజాన్ని నమ్ముకుని మన ముక్కను మనమే ప్రయోగానికి పెడితే మాత్రం మొదటికే మోసం వస్తుంది.

తీసిన క్షణం నుంచే మొదలు

ఒంట్లోంచి వేరు చేసిన క్షణం నుంచే ముక్కకు రక్తం అందదు. ఆక్సిజన్ అందక కణాలు చనిపోవటం మొదలవుతుంది. కణం లోపలి జీర్ణరసాల్లాంటి ఎంజైమ్‌లు కట్టు తెంచుకుని, ఆ కణాన్నే అరిగించేస్తాయి. అంటే బయటి నుంచి సూక్ష్మక్రిములు వచ్చి కుళ్లబెట్టటానికి ముందే ముక్క తనను తానే తినేస్తుందన్నమాట. దీన్నే వైద్యులు ‘ఆటోలైసిస్’ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఇది వేగం పుంజుకుంటుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటటం మామూలైన అనంతపురం లాంటి చోట ఇది చిన్న విషయం కాదు.

పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూసేది కణాల ఆకారాన్ని, వాటి కేంద్రకం ఎంత పెద్దగా, ఎంత ముదురుగా ఉందన్నదాన్ని, కణాలు వరుస తప్పాయా లేదా అన్నదాన్ని. కణాలు కరిగి, కేంద్రకాలు చెదిరిపోతే అనుభవజ్ఞుడైన వైద్యుడు కూడా ఏమీ చెప్పలేడు. అప్పుడు రిపోర్టులో ‘ముక్క చెడిపోయింది, మళ్లీ పంపండి’ అన్న మాట వస్తుంది. మళ్లీ కత్తి, మళ్లీ కుట్లు, మళ్లీ ఖర్చు. అన్నిటికన్నా ముఖ్యంగా చికిత్స ఆలస్యం. గడ్డ మొత్తాన్నీ తీసేసిన తర్వాతైతే మళ్లీ తీయటానికి ముక్కే ఉండదు.

చెడకుండా ఉంటే చాలదు

‘చెడకుండా నిల్వ ఉంచటమే కదా, మనవాళ్లకు తెలియని విద్యా?’ అనుకోవచ్చు. నిజమే. కేకయ నుంచి భరతుడు వచ్చేవరకూ దశరథుడి భౌతికకాయాన్ని తైలద్రోణిలో ఉంచారన్న రామాయణ ఘట్టం మనకు తెలిసిందే. ఉప్పు పట్టించి, ఎండలో ఆరబెట్టి మాంసాన్ని నెలల తరబడి దాచుకోవటం పల్లెల్లో పాత అలవాటే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును శుభ్రం చేసి, గీకి, ఆరబెట్టి తోలుబొమ్మలు చేస్తారు. అవి ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. ఆ కళకు గుర్తింపుగా ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది.

అయితే ఒక తేడా ఉంది. ఎండిన తోలు చెడదు. కానీ అందులోని కణాలు సజీవంగా ఉన్నప్పటిలా కనిపించవు. ఆవకాయ ఏడాది నిల్వ ఉంటుంది. కానీ అందులోని ముక్క చెట్టు మీది మామిడికాయలా ఉండదు. ఉప్పు నీటిని లాగేస్తుంది, కణాలు ముడుచుకుపోతాయి. బయాప్సీ ముక్కకు చెడకుండా ఉండటం ఒక్కటే చాలదు. తీసిన క్షణంలో ఎలా ఉందో అలాగే ‘నిలిచిపోవాలి’. ఫొటో తీసినట్టు! అందుకే దీన్ని నిల్వ చేయటం అనకుండా ‘ఫిక్సేషన్’ అంటారు. ఫార్మలిన్ చేసే అసలు పని ఇదే.

వేళ్లు బిరుసెక్కితే తెలిసింది

ఫార్మల్డిహైడ్ ఒక వాయువు. దాన్ని నీళ్లలో కరిగిస్తే ఫార్మలిన్. 1893లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లుమ్ అనే వైద్యుడు ఇది సూక్ష్మక్రిములను చంపుతుందేమోనని పరీక్షిస్తుండగా, దానిలో తడిసిన తన వేళ్ల చర్మం బిరుసెక్కటం గమనించాడు. చర్మం గట్టిపడుతున్నప్పుడు ఒంట్లోంచి తీసిన కణజాలమూ గట్టిపడాలి కదా అని ఆలోచించాడు. అదే నిజమైంది. అప్పటి నుంచి నూటముప్ఫై ఏళ్లుగా ప్రపంచమంతా దీన్నే వాడుతోంది.

ఇది కణాల్లోని ప్రోటీన్ల మధ్య చిన్న చిన్న వంతెనలు కడుతుంది. దాంతో ప్రోటీన్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. ఎంజైమ్‌ల ఆట కట్టవుతుంది. సూక్ష్మక్రిములూ చస్తాయి. బయాప్సీకి వాడేది పలుచన చేసిన ‘10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్’. ఇందులో అసలు ఫార్మల్డిహైడ్ 4 శాతం వరకే ఉంటుంది. ఆమ్లగుణం పెరగకుండా లవణాలు కలుపుతారు.

అందుకే బెంగ కూడా

మంచి పనివాడే గానీ ఫార్మలిన్ మంచి తోడు కాదు. దాని ఆవిరి తగిలితే కళ్లు మండుతాయి, ముక్కు నుంచి నీరు కారుతుంది, గొంతు పట్టేస్తుంది. చర్మానికి తగిలితే దద్దు, దురద. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ముక్కు వెనక గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌తోనూ, రక్త క్యాన్సర్‌తోనూ దీనికి సంబంధం ఉందని తేల్చింది.

ఇది ఎవరికి ముప్పు? గట్టిగా మూత పెట్టిన సీసాను ఒక పూట సంచీలో తీసుకెళ్లే కుటుంబానికి కాదు. ఏళ్ల తరబడి, రోజూ గంటల కొద్దీ ఆ గాలి పీల్చేవారికి. అంటే ల్యాబు టెక్నీషియన్లకు, పాథాలజిస్టులకు, అనాటమీ హాల్లో పనిచేసే సిబ్బందికి. మనింటి పిల్లలు ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఉంటేనో, ల్యాబు టెక్నీషియన్ కోర్సు చదువుతుంటేనో ఇది మన ఇంటి విషయమే. గాలిని బయటికి లాగే ఫ్యాన్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు వారి హక్కు. ప్రత్యామ్నాయాల వెతుకులాటకు అసలు కారణం కూడా వీళ్లే.

బెల్లం పాకం ఏం చేస్తుంది?

తేనె చెడదన్నది అందరికీ తెలిసిన సంగతే. 2006లో ఒమన్ పరిశోధకులు పలుచని తేనె ద్రావణంలో కణజాలాన్ని ఉంచి, ఫార్మలిన్‌తో పోల్చి చూశారు. 2013లో బెంగళూరుకు చెందిన దంత వైద్య కళాశాల పరిశోధకులు మరో అడుగు వేసి తేనెను, పంచదార పాకాన్ని, బెల్లం పాకాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఈ మూడింటిలో బెల్లం పాకమే మెరుగ్గా పనిచేసిందని తేలింది. రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల ఆకారం, కేంద్రకాలు గుర్తుపట్టేలాగే ఉన్నాయి. ఆ తర్వాత కణజాలాన్ని నెలల తరబడి వీటిలో ఉంచి చూసిన అధ్యయనాలూ వచ్చాయి.

ఇది ఎలా సాధ్యం? బెల్లంలోని చక్కెర ఆమ్లగుణమున్న ద్రావణంలో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. వాటి నుంచి ఆల్డిహైడ్‌లు పుట్టి ప్రోటీన్ల మధ్య వంతెనలు కడతాయని పరిశోధకుల భావన. ఇక్కడో చమత్కారం ఉంది. ఫార్మల్డిహైడ్ కూడా ఆల్డిహైడే! అంటే బెల్లం ‘రసాయనం కాదు కాబట్టి’ పనిచేయటం లేదు. నెమ్మదిగా, కాస్త సౌమ్యంగా అదే జాతి రసాయనాన్ని పుట్టించి పనిచేస్తోంది. ఘాటు ఆవిరి ఉండదు, కళ్లు మండవు. చౌక కూడా.

మన మెట్టల మీద పచ్చగా పూసే తంగేడునే తీసుకోండి. దాని బెరడులో టానిన్లు దండిగా ఉంటాయి. దక్షిణాదిలో తోళ్లు ఊనటానికి తంగేడు చెక్కను వాడటం పాత పద్ధతి. టానిన్లు కూడా ప్రోటీన్లను పట్టి బిగిస్తాయి. టానిక్ ఆమ్లాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పరీక్షల్లో ఇతర రసాయనాలకు తోడుగా వాడుతున్నారు కూడా. ముక్కను మైనంలో ఒదిగించే ముందు వాడే జైలీన్ అనే మరో ఘాటు రసాయనానికి బదులు కొబ్బరినూనెను పరీక్షించిన అధ్యయనాలున్నాయి. వంటింట్లో, పెరట్లో ఉన్నవాటికి ల్యాబులో చోటు లేదనటానికి వీల్లేదు.

మరి ఎందుకు వాడటం లేదు?

* బూజు, పులుపు: పాకం పలుచన చేస్తే పులుస్తుంది, బూజు పడుతుంది. వేడి ప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ. ఫార్మలిన్‌కు ఈ బెడద లేదు.

* ఒక్కో బెల్లం ఒక్కో తీరు: ఒక ఊరి బెల్లంలా మరో ఊరి బెల్లం ఉండదు. తేనె కూడా అంతే. ల్యాబు పరీక్షకు ఎప్పుడు వాడినా ఒకేలా పనిచేసే ద్రావణం కావాలి.

* చిన్న ముక్కలు, చిన్న అధ్యయనాలు: ఇప్పటివరకూ ఎక్కువగా పరీక్షించింది చిన్న చిన్న ముక్కల మీద, తక్కువ సంఖ్యలో. ఆపరేషన్‌లో తీసిన గర్భసంచి, రొమ్ము వంటి పెద్ద భాగాల సంగతి వేరు.

* తర్వాతి పరీక్షలు: ఇప్పుడు క్యాన్సర్ అని చెప్పటంతోనే పని అయిపోదు. రొమ్ము క్యాన్సరైతే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చేస్తారు. ఏ మందు ఇవ్వాలన్నది వీటి మీదే ఆధారపడుతుంది. ఈ పరీక్షల ప్రమాణాలన్నీ ఫార్మలిన్‌లో ఉంచిన ముక్కల మీద నిర్ణయించినవే. అదీ 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచినవి. వేరే ద్రావణంలో వేస్తే ఫలితం తారుమారు కావొచ్చు.

అందుకే బెల్లం పాకం ఇంకా పరిశోధన బల్ల మీదే ఉంది. అక్కడ అది ఎదగాల్సిందే. కానీ మన సీసాలోకి రావటానికి ఇంకా సమయం ఉంది. ఒక్క ‘చెరకు బిడ్డ’ మాత్రం ఇప్పటికే ల్యాబుల్లో స్థిరపడింది. అది ఆల్కహాల్! మన దేశంలో ఒకప్పుడు దీన్ని ఎక్కువగా చక్కెర మిల్లుల మడ్డి నుంచే తీసేవారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను పట్టే పాప్ స్మియర్ గాజుపలకలను 95 శాతం ఆల్కహాల్‌లోనే ఉంచుతారు. సూదితో గడ్డలోంచి కణాలు లాగే పరీక్షలోనూ దీన్ని వాడతారు. పలుచగా రుద్దిన కణాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. మందమైన ముక్కలైతే ముడుచుకుపోతాయి. ఏ ముక్కకు ఏ ద్రావణమన్నది డాక్టరు తేల్చాలి గానీ మనం కాదు.

ఊరగాయ సూత్రం గుర్తుంచుకోండి

ముక్కను భద్రంగా చేర్చటమెలాగో మన అమ్మమ్మలకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. కాయను కోయకుండా జాడీలో పడేస్తే ఉప్పు లోపలికి దిగేలోపే మధ్యలో కుళ్లుతుంది. ఉప్పు తక్కువైతే బూజు పడుతుంది. మూత వదులైతే పాడవుతుంది. ఇక్కడా అంతే.

* ద్రవం దండిగా ఉండాలి: ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. ముక్క పూర్తిగా మునిగి ఉందో లేదో సీసా అందుకునేటప్పుడే చూసుకోండి. తక్కువుంటే అక్కడే అడిగి పోయించుకోండి.

* ఆలస్యం వద్దు: తీసిన గంటలోపే ముక్క ఫార్మలిన్‌లో పడాలి. ‘తర్వాత వేద్దాం’ అనే మాటకు తావుండకూడదు.

* పెద్ద భాగమైతే: ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి దిగుతుంది. కాబట్టి రొమ్ము, గర్భసంచి వంటివి పంపేటప్పుడు ద్రవం లోపలికి వెళ్లేలా గాట్లు పెట్టాలి. ఇది సర్జన్ పని. ‘లోపలికి దిగేలా చేశారా సార్?’ అని మనం అడగటంలో తప్పు లేదు.

* వెడల్పు మూతి సీసా: మెత్తగా వెళ్లిన ముక్క గట్టిపడ్డాక ఇరుకు మూతిలోంచి బయటికి రాదు. పాత మందు సీసాలు, నీళ్ల సీసాలు వద్దే వద్దు.

* పేరు సీసా మీదే: మూత మీద రాస్తే మూతలు మారిపోవచ్చు. రోగి పేరు, వయసు, ఏ భాగం నుంచి తీశారో, తేదీ- ఇవన్నీ సీసా ఒంటి మీదే ఉండాలి. కుడి, ఎడమలు కూడా. డాక్టరు రాసిన చీటీ వేరే కవరులో పెట్టుకోండి.

* ఎండకు దూరం: బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు. అలాగని ఫ్రీజర్లో పెట్టటమూ తప్పే. మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. నీడన, మామూలు వేడిలో ఉంటే చాలు.

* దారిలో కారిపోతే: నీళ్లు, స్పిరిట్, తేనె ఏదీ కలపొద్దు. డాక్టరుకు ఫోన్ చేసి, దగ్గర్లోని పాథాలజీ ల్యాబులో ఫార్మలిన్ పోయించుకోండి. ల్యాబులో ఆ సంగతి దాచకుండా చెప్పండి.

దూరాభారమూ లెక్కే. అనంతపురం నుంచి కర్నూలుకు దాదాపు 150 కిలోమీటర్లు, బెంగళూరుకు 200 దాటుతుంది. సరిగా ఫార్మలిన్‌లో వేసిన ముక్కకు ఈ ప్రయాణం ఏమంత కష్టం కాదు. సరిగా వేయనిదానికి పక్క వీధి కూడా దూరమే.

ఫార్మలిన్‌లో వేయకూడనివీ ఉన్నాయి

క్షయ అనుమానంతో మెడ గడ్డ నుంచి తీసిన ముక్కను కల్చర్ పరీక్షకు పంపాలంటే ఫార్మలిన్‌లో వేయకూడదు. అందులో పడితే క్రిములు చచ్చిపోతాయి, పరీక్షలో ఏమీ పెరగదు. దాన్ని శుభ్రమైన డబ్బాలో, సెలైన్‌తో పంపిస్తారు. ఆపరేషన్ జరుగుతుండగానే ఫలితం చెప్పే ఫ్రోజెన్ సెక్షన్‌కు పచ్చి ముక్కే కావాలి. కొన్ని చర్మ, కిడ్నీ పరీక్షలకు వేరే ద్రావణాలుంటాయి. అందుకే ఒకే చోటి నుంచి రెండు సీసాలు ఇస్తే, ఒకటి ఎక్కువని ముక్కలు రెండూ ఒక దాంట్లో వేయకండి. రెండింటి పనీ వేరు.

ఒలికితే కంగారు వద్దు

కిటికీలు తెరవండి. పిల్లలను దూరంగా పంపండి. చేతికి తొడుగు వేసుకుని పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టేయండి. చర్మానికి తగిలితే సబ్బుతో కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చూడ్డానికి నీళ్లలా ఉంటుంది కాబట్టి ఇంట్లో తాగే నీళ్ల దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాడిన ఫార్మలిన్‌ను సింకులో, మురుగుకాలువలో పోయకూడదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని ఆసుపత్రులు, ల్యాబులే పద్ధతిగా వదిలించాలి.

మైనపు దిమ్మె మీ ఆస్తి పత్రం లాంటిది

పరీక్ష అయ్యాక ముక్కను మైనంలో ఒదిగించి చిన్న దిమ్మెగా చేస్తారు. దీన్నే ‘బ్లాక్’ అంటారు. ఇది మామూలు వేడిలోనే ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. మరో డాక్టరు అభిప్రాయం కావాలన్నా, కొత్త మందు కోసం కొత్త పరీక్ష చేయాలన్నా మళ్లీ ముక్క తీయక్కర్లేకుండా దీంతోనే పని జరుగుతుంది. పెద్ద ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, బ్లాకునూ స్లైడ్లనూ అడిగి తీసుకోండి. తీసుకున్నట్టు చీటీ రాయించుకోండి. ఈ మైనం 60 డిగ్రీలకు కాస్త అటూఇటూగా కరుగుతుంది. మే నెల ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో ఆ వేడి రావొచ్చు. కాబట్టి కారులో వదిలేయకండి.

రేపు బెల్లం పాకమో, మరో సహజ ద్రావణమో ఫార్మలిన్ స్థానంలోకి వస్తే మొదట ఊపిరి పీల్చుకునేది ల్యాబులో పనిచేసేవాళ్లు. అలా రావాలనే కోరుకుందాం. అప్పటివరకూ బెల్లం పాకం అరిసెలకే ఉంచుదాం. బస్టాండులో ఒళ్లో పెట్టుకున్న ఆ చిన్న సీసా విషయంలో మాత్రం మూత బిగుతుగా ఉందా, ముక్క మునిగిందా, పేరు సరిగా ఉందా అన్న మూడే ప్రశ్నలు వేసుకుందాం. ఇంటిల్లిపాదీ ఎదురుచూసే జవాబు సరిగ్గా రావటం ఈ మూడింటితోనే మొదలవుతుంది.